ముప్పై వేల ఫుట్టు

రిపోర్టు సోమవారానికల్లా ఇవ్వమన్నారు సంజీవరాయుడు సార్.
మొదటి పేజీ నిండింది: విమానం, హోటలు, గ్రూపు ఫొటో,
అద్దాల గదిలో గోడకంటించిన పసుపుపచ్చ చీటీలు.
రెండో పేజీలో ఒకటే ప్రశ్న:
ఈ పర్యటనలో మీరు పొందిన నైపుణ్యం ఏది?
పెన్ను అక్కడికొచ్చి
దారం తెగిన మిషను మాదిరి
ఉత్తిగా ఆడతాంది.

హోచిమిన్ సిటీలో పది రోజులు, పన్నెండు మందిమి,
అనంతపురం ఎండ ముఖాల మీద అట్లే ఉండగా
మెడల్లో నీలి తాళ్ళు, తాళ్ళకు మా పేర్లు.
కుళ్ళాయమ్మ అనలేక వాళ్ళు నన్ను 'కుల్లా' అన్నారు.
సామికి మొక్కుకుని పెట్టిన పేరు సగానికి తెగింది.
పోనీలే,
కొలతకు మించిన గుడ్డ కత్తిరించేదే కదా.

మూడోరోజు ఒక పిల్లగాడు,
రెండు కంపెనీలు ముంచి మూడోది పెట్టినాడంట,
నవ్వుతా చెప్పినాడు:
భయపడకుండా ఓడిపోండి, తొందరగా ఓడిపోండి.
అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినా.
కొడతానే గుర్తొచ్చింది,
జేబు అరంగుళం వంకరని
బళ్ళారి సేటు రాయదుర్గానికి తిప్పి పంపిన
నూటా ఎనభై జీన్స్ ప్యాంట్లు.
వన్నూరక్క తెల్లార్లూ కుట్లు విప్పుతా కూర్చుంది,
బ్లేడు పట్టిన బొటనవేలికి నీలం దిగి.
ఓడిపోయేది మేము తొందరగానే నేర్చినాం.
చప్పట్లే రాలేదు.

ఆ రాత్రి హోటలు వెనక సందు. వాన వచ్చి వెలిసింది.
మాకు ఏడాదికి సరిపోయే వాన
వాళ్ళకు సాయంత్రం టీ లాంటిది.
తడిసిన రేకుల కింద ఒక శబ్దం.
నిద్రలో విన్నా గుర్తుపడతా:
పద్దెనిమిదో నంబరు సూది
మందం గుడ్డలోకి దిగేటప్పటి చిన్న మూలుగు.

ఒకామె. యాభై ఏళ్ళుంటాయేమో. స్టూలు జరిపి చోటిచ్చింది.
ఆమె మాట నాకు రాదు, నాది ఆమెకు రాదు.
చూపుడువేలి గోటి మీద సూది దిగిన మచ్చ చూపించింది.
నేను నాది చూపించినా.
పరిచయం అయిపోయింది.
తర్వాత ఒక ప్యాంటు కాలు పైకెత్తి
రెండు వేళ్ళు రుద్దింది: దీనికి నీకెంత?
పది రోజుల్లో ఇంకెవరూ అడగని ప్రశ్న.
అరచేతిలో రాసినా. ఆమె తనది రాసింది.
సున్నాలు కొట్టేసి చూస్తే
రెండూ అక్కాచెల్లెళ్ళ అంకెలే.

ఆమె మిషనుకు వంకీ లాంటి ఒక ఫుట్టు.
గుడ్డ అందులోకి పోయి తనంతట తానే
తమలపాకు చిలక మాదిరి మడుచుకుని వస్తాంది.
మరుసటి రోజు అంగట్లో అదే అడిగితే
ముప్పై వేలన్నారు.
గుండె జారింది.
లెక్కేస్తే నూరు రూపాయలు. కొన్నా.

వన్నూరక్క దాన్ని తిప్పి తిప్పి చూసి,
బిగించి, నాలుగు కాళ్ళు కుట్టి అనింది:
"బాగుందిమే. బళ్ళారిలోనూ దొరుకుతాది ఇది, ఎనభైకే."
నా ముఖం చూసి పగలబడి నవ్వింది.
"నేను కొనల్యా. నువ్వు అడగల్యా."
నవ్వు ఆగినాక,
"ఆ యమ్మ నిన్నేదో అడిగిందంటివే, మళ్ళా చెప్పు."
చెప్పినా.
"మరి అంగట్లో దీన్ని ఎంతకమ్ముతారో?"
ఆమె పదేళ్ళుగా, నేను ఫీజు కోసం నాలుగేళ్ళుగా
కుడతానే ఉండాం.
ఇద్దరికీ తెలీదు.

సార్, రెండో పేజీ రేపు కూడా రాయలేను.
రేపు తొలి బస్సుకు బళ్ళారి పోతాండాం,
సేటు కొట్టుకు కాదు,
బొమ్మలకు ప్యాంట్లు తొడిగి అద్దాల్లో నిలబెట్టిన అంగడికి,
కొనేటోళ్ళ మాదిరి.
ధర చీటీ తిప్పి చూసేటప్పుడు
కుట్టేటోళ్ళమని తెలిసిపోకుండా
అక్క చీర ఇస్త్రీకిచ్చింది.
నేను సబ్బు పెట్టి వేళ్ళ నీలం రుద్దుతాండా.

పోవడంల్యా.